పటమును కాపాడు చట్రము: హూడి ప్రాంతపు తెలుగు గృహములలోని చిత్రముల సంరక్షణము

తెలుగున చిత్రమును 'పట'మందురు. ఈ మాట సంస్కృతమునుండి వచ్చినది. అచట దీనికి మొదటి యర్థము వస్త్రము. పూర్వము చిత్రములను గుడ్డపై వ్రాయుట వాడుకయగుటచేత గుడ్డ పేరే చిత్రమునకు పేరైనది. తరువాత కాగితము వచ్చినది, అద్దము వచ్చినది, ఛాయాచిత్రము వచ్చినది. కాని మాట మారలేదు. చిత్రమును చట్రమున బిగించి అద్దము వేయించుటను నేటికిని 'పటము కట్టించుట' యనియే అందురు. పనికిరాని వస్తువును విడువక దాచుకొనువానితో 'దానిని పటము కట్టించి గోడకు తగిలించుకొనుము' అని పరిహాసమాడుటయు కలదు. ఆ పరిహాసమునందును ఒక నమ్మకము దాగియున్నది: పటము కట్టించిన వస్తువు ఇక చెడదని. ఈ నమ్మకము ఎంతవరకు నిజమో విచారించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము. ఫలితమును ముందుగనే చెప్పవచ్చును: చక్కగా కట్టిన చట్రము చిత్రమునకు ఇల్లు వంటిది, అజాగ్రత్తగా కట్టిన చట్రము, పైకెంత అందముగా నున్నను, లోపలి చిత్రమును దినదినమును తినివేయుచుండును.

హూడి గోడలు

హూడి బెంగళూరునకు తూర్పున, కృష్ణరాజపురమునుండి వైట్‌ఫీల్డునకు పోవు త్రోవలో నున్నది. ఒకప్పుడిది చెరువును పొలములును గల గ్రామము. 1990ల తరువాత చుట్టుపట్ల సాంకేతిక సంస్థల ఆవరణములు వెలసినవి. 2023 మార్చి 25న కృష్ణరాజపురమునుండి వైట్‌ఫీల్డు వరకు మెట్రో రైలు మార్గము తెరవబడినది. ఆ మార్గమున హూడి ఒక నిలయము. ఇటకు తూర్పున కోలారు సీమ, దాని కావల చిత్తూరు సీమ ఉండుటచేత ఈ వైపున తెలుగు మాట క్రొత్తది కాదు. ఇటీవలి కాలమున కోస్తా, రాయలసీమ, తెలంగాణ జిల్లాలనుండి ఉద్యోగములకై వచ్చిన కుటుంబములు దానికి తోడైనవి.

ఇట్లు వచ్చిన కుటుంబములు తెచ్చుకొను వస్తువులలో పటము లొక భాగము. స్వగ్రామమున పెద్దలయిల్లు పంచుకొన్నపుడు మంచములు, బిందెలు అమ్ముడుపోయినను తాతగారి ఛాయాచిత్రమో, పూజగదిలోని రవివర్మ లక్ష్మీ పటమో, తంజావూరు కృష్ణుడో ఎవరో ఒకరి వంతునకు వచ్చి హూడిలోని బహుళాంతస్తుల భవనమున గోడ నెక్కును. పెక్కు కుటుంబములకు ఊరితో మిగిలిన సంబంధమంతయు ఆ గోడమీదనే యుండును. అందుచేత ఆ పటము చెడినచో పోవునది ఒక అలంకారము మాత్రమే కాదు.

చట్రపు అంగములు

సామాన్యముగ పటమున ఐదు అంగములు కలవు. మొదటిది చుట్టును గల కొయ్య బద్దలు. వీనిని మూలలయందు 45 డిగ్రీల కోత కోసి కలుపుదురు. రెండవది అద్దము. మూడవది అద్దమునకు చిత్రమునకు నడుమ కిటికీవలె కోసి పెట్టు అట్ట. దుకాణములలో దీనిని 'మౌంటు' అందురు. నాలుగవది చిత్రము. ఐదవది వెనుక మూత వేయు పలక లేక అట్ట.

పటము కట్టింపబోవువారు దుకాణమునకు పోయి చాలసేపు పరిశీలించునది మొదటి అంగమును మాత్రమే: బద్ద యెంత వెడల్పు, టేకా మరియొకటా, బంగారు పూతా నల్లరంగా యని. తక్కిన అంగములను దుకాణదారుని చేతికి విడిచిపెట్టుదురు. అతడు చేతి కందిన కార్డుబోర్డునో, హార్డ్‌బోర్డునో వెనుక పెట్టి, చిత్రమును తెల్ల జిగురుతో అంటించి, మేకులు కొట్టి, గోధుమరంగు టేపు వేసి యిచ్చును. ఇందు అతని దోషమును ఎంచుట తగదు; అడిగినవాడు లేనపుడు ఖరీదైన అట్టను అతడు తెచ్చి పెట్టుకొనడు. కాని చిత్రపు ఆయుర్దాయము నిర్ణయమగునది ఆ కనబడని అంగములయందే.

అట్టలోని ఆమ్లము

పూర్వము కాగితమును గుడ్డపీలికలనుండి చేసెడివారు. అట్టి కాగితము శతాబ్దములు నిలిచినది. 1807లో జర్మనీలో ఇల్లిగ్ అనునతడు పటికతోను చెట్టు బంకతోను కాగితమునకు పట్టు కల్పించు విధానమును ప్రకటించెను. 1840లలో కెల్లర్ అనునతడు కొయ్యను నూరి గుజ్జు చేయు పద్ధతిని కనిపెట్టెను. ఈ రెంటిచేతను కాగితము చౌకయైనది. కాని దానిలో ఆమ్లము చేరినది. పటికనుండి ఆమ్లము పుట్టును. కొయ్యలో సహజముగ నుండు లిగ్నిన్ అను పదార్థము వెలుగు తగిలినకొలది పసుపువారి మరికొంత ఆమ్లమును పుట్టించును. ఈ ఆమ్లము కాగితపు పోగులను లోలోపల త్రుంచును. పాత వార్తాపత్రిక ముట్టుకొన్నంతనే పెళుసుగా విరుగుటకు హేతు విదియే. అమెరికాలోని వర్జీనియాలో విలియం బారో అను పరిశోధకుడు 1950లలో గ్రంథాలయములలోని పుస్తకములను పరీక్షించి, కాగితము పెళుసగుటకు దానిలోని ఆమ్లము ముఖ్యకారణమని చూపెను.

ఈ ఆమ్లము పుట్టినచోటనే యుండదు. చౌక అట్టకు తగిలియున్న మంచి కాగితమునకు కూడ అది ప్రాకును. చిత్రకారుడు మేలైన కాగితముపై వ్రాసినను, దాని వెనుక కార్డుబోర్డు పెట్టినచో ఇరువది ముప్పది యేండ్లలో ఆ కార్డుబోర్డు రోగము చిత్రమునకు అంటును.

దీనిని గుర్తించుటకు పరికర మక్కరలేదు. మౌంటు కిటికీ అంచున ఏటవాలుగ కోసిన సన్నని గీత యొకటి యుండును. క్రొత్తలో అది తెల్లగ నుండును. అది గోధుమవన్నెకు తిరిగినచో ఆ అట్ట ఆమ్లము గలదని తెలియవలెను. అట్టను పైకెత్తి చూచిన, చిత్రముపై దాని అంచు తగిలినంతమేర కాలినట్టి గోధుమరంగు చార కనబడును. ఆ చార మరల పోవుట కష్టము.

దీనికి విరుగుడు ఆమ్లము లేని అట్టను వాడుట. ప్రత్తి పోగులతో చేసినదియు, కొద్దిగ సున్నపుగుణము గల కాల్షియం కార్బొనేటు కలిపినదియు నగు అట్టలు దొరకును. అవి తామామ్లమును పుట్టింపకుండుటయే కాక, చుట్టుపట్ల పుట్టినదానిని కొంత పీల్చి అణచును. కొయ్యబద్దలనుండి వెలువడు ఆవిరులు చిత్రమునకు తగులకుండ బద్ద లోపలి గాడిలో అల్యూమినియపు పొరగల టేపు అంటింతురు.

వెలుగు, తేమ, పురుగు

వెలుగు చేయు హాని కూడుచుపోవునది. నేడు తగిలిన వెలుగు రేపు చీకటిలో పెట్టినంతమాత్రమున తీరిపోదు. వెలుగును లక్సులతో కొలుతురు. నీటిరంగుల చిత్రములకు, వస్త్రములకు 50 లక్సులు, తైలవర్ణ చిత్రములకు సుమారు 200 లక్సులు మించరాదని ప్రదర్శనశాలలు నియమము పెట్టుకొన్నవి. మధ్యాహ్నపు నేరుటెండ లక్ష లక్సుల వరకు ఉండును. హూడిలోని భవనములలో వసారా తలుపునకు ఎదురుగోడయే విశాలముగ నుండుటచేత పటమును అచటనే తగిలింతురు. ఉదయపుటెండ నేరుగ దానిపై పడును. మామూలు అద్దము అతినీలలోహిత కిరణములలో కొంతభాగమునే ఆపును. వానిలో అత్యధికభాగమును ఆపు పూత గల అద్దములు నేడు లభించుచున్నవి. అయినను అద్దముకంటె గోడను మార్చుటయే మేలైన చికిత్స.

తేమ రెండవ శత్రువు. గాలిలోని తేమ 65 శాతము దాటి నిలిచినచో బూజు పట్టును. బెంగళూరు సముద్రమునకు 900 మీటర్ల యెత్తున నున్నందున కోస్తా జిల్లాలంత ఉక్క యిచట లేదు. కాని వానకాలమున వెలుపలి గోడలు తడిసి ఆ తేమ లోపలికి దిగుట ఈ భవనములలో సామాన్యము. వెలుపలి గోడకు గాని, స్నానపుగదిని ఆనుకొన్న గోడకు గాని అంటుకొనియున్న పటము వెనుక గాలియాడదు. అట్టి గోడలను విడువవలెను. ఏ గోడకైనను పటము క్రింది మూలలయందు వెనుకవైపున రెండు బిరడా ముక్కలు అంటించినచో గోడకు పటమునకు నడుమ సందు ఏర్పడి గాలి యాడును.

మూడవది పురుగు. చెదలు కొయ్యను తినును. వెండిరంగుతో జారిపోవు సిల్వర్‌ఫిష్ అను పురుగు కాగితపు పైపొరను, పిండిజిగురును గీకి తినును. వెనుకవైపు అతికిన కాగితము చినిగియున్నచో పురుగు త్రోవ తెరచియున్నదని యర్థము.

నాలుగు విధముల పటములు

తెలుగు గృహములలో కనబడు పటములు ముఖ్యముగ నాలుగు విధములు. ఒక్కొక్కదానికి రోగము వేరు.

మొదటివి అచ్చుపటములు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయము స్థాపించి దేవతాచిత్రములను రంగులలో అచ్చువేయించెను. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాతిపలక చొప్పున మరల మరల అచ్చొత్తుటచేత ఆ చిత్రములకు ఆ నిండుదనము వచ్చినది. ఇవి యంత్రపు కాగితముపై వేయబడినవి కావున ఆమ్లదోషము వీనికి పుట్టుకతోనే కలదు. పూజగదిలోనున్నచో మరియొక బాధ: అద్దముపై పెట్టు గంధము, కుంకుమ, తడిపూలదండ నుండి కారిన నీరు క్రింది బద్ద గాడిలోనికి దిగి కాగితపు అడుగుభాగమును తడుపును. పాత లక్ష్మీ పటములలో పద్మము క్రిందిభాగము మరకలు పట్టియుండుటకు ఇదియొక కారణము. దీపపు మసి, కర్పూరపు పొగ తక్కినపని చేయును. పూజ మానవలసిన పనిలేదు; మూలచిత్రమునకు మంచి నకలు తీయించి నకలును పూజలో నుంచి, మూలమును వేరొక గోడపై నుంచుట మేలు.

రెండవవి తంజావూరు పటములు. కొయ్యపలకపై గుడ్డ అంటించి, సుద్దయు జిగురును కలిపిన పూతతో నగలను ఉబ్బెత్తుగ తీర్చి, బంగారు రేకును రాళ్లను పొదుగుదురు. ఈ చిత్రములను వ్రాసినవారిలో తెలుగు మాటలాడు రాజుల కుటుంబములు ముఖ్యులు. కనుక ఈ కళ తెలుగువారికి పరాయిది కాదు. కొయ్య తేమకు ఉబ్బి ఎండకు కుంచించును. పైపూత అట్లు సాగలేక పగులును. తడిగుడ్డతో తుడిచినచో సుద్ద కరగి రేకు లేచిపోవును. అద్దము రాళ్లకు తగులకుండ లోతైన చట్రము కావలెను.

మూడవవి కలంకారీ వస్త్రములు. శ్రీకాళహస్తి చిత్రకారులు గుడ్డను కరక్కాయ రసమునను పాలయందును నానబెట్టి, ఇనుపముక్కలను బెల్లముతో పులియబెట్టిన కషాయముతో నల్లని గీతలు గీయుదురు. ఇనుమును కరక్కాయలోని వగరును కలిసినపుడు నలుపు పుట్టును. ఆ యినుమే క్రమముగ నూలుపోగును తినును. ప్రాచీన వస్త్రములలో నల్లగీత యున్నచోటనే గుడ్డ చినుగుట చూడవచ్చును. వెలుగును తేమయు దీనిని త్వరపరచును. కలంకారీని పలకకు జిగురుతో అంటింపరాదు. ఉతికిన నూలుగుడ్డను పలకకు చుట్టి, దానిపై సన్నని కుట్లతో వస్త్రమును నిలుపవలెను. వస్త్రము నాలుగువైపుల బిగువుగ లాగబడియుండక తన బరువు తాను మోయునట్లుండవలెను.

నాలుగవవి ఛాయాచిత్రములు. పాత నలుపు తెలుపు చిత్రముల పైపొర జిలెటిన్ అను బంకపదార్థము. తేమ తగిలినపుడు అది మెత్తబడి అద్దమునకు అంటుకొనును. అట్లంటిన చిత్రమును లాగినచో ముఖము అద్దముతో వచ్చును, కాగితము చేతిలో మిగులును. లాగక, అద్దముతోనే స్కాను చేయించి, పిమ్మట నిపుణులకు చూపవలెను. మౌంటు వేయుటలో ముఖ్యప్రయోజనము ఇదియే: అద్దమునకు చిత్రమునకు సందు కల్పించుట. 1970, 80లనాటి రంగు ఛాయాచిత్రములు చీకటిలో నున్నను వెలసి ఎరుపువారును. వానిని వెంటనే స్కాను చేయించి నకలును గోడపై పెట్టుటయే ఉపాయము.

మరల విప్పదగిన పని

సంరక్షణశాస్త్రమున ప్రధానసూత్ర మొకటి కలదు: నేడు చేసిన పనిని రేపు హానిలేక విప్పగలిగియుండవలెను. 1966 నవంబరు 4న ఇటలీలోని ఫ్లారెన్సు నగరమును వరద ముంచి అసంఖ్యాకములైన చిత్రములను గ్రంథములను తడిపినపుడు నానాదేశముల నిపుణులు వచ్చి సంవత్సరములు శ్రమించిరి. ఆ యనుభవము ఈ శాస్త్రమునకు పాఠశాల యైనది.

ఈ సూత్రముతో చూచినచో మన దుకాణములలో విరివిగ జరుగు రెండు పనులు ఎంత ప్రమాదకరములో తెలియును. ఒకటి చిత్రమును మొత్తముగ పలకకు జిగురుతో అంటించుట. రెండవది ప్లాస్టిక్ పొరతో లామినేషన్ చేయుట. ఈ రెంటిని విప్పుట సామాన్యముగ సాధ్యము కాదు. సెల్లోటేపు కూడ ఇట్టిదే. కొన్నియేండ్లకు దాని బంక పసుపువారి కాగితములోనికి ఇంకును. క్రొత్తగా అచ్చువేయించిన నకలుకు లామినేషన్ చేయించినను నష్టము లేదు. మరొకటి దొరకని మూలచిత్రమునకు మాత్రము ఎన్నడును చేయింపరాదు.

సరియైన పద్ధతి యేమన: జపానులో కోజో అను మొక్క నారతో చేయు పలుచని కాగితపు ముక్కలు రెండింటిని గోధుమగంజితో చిత్రపు పైఅంచున వెనుకవైపు అంటించి, వానిని వెనుక అట్టకు తగిలింతురు. చిత్రము గోడకు తగిలించిన పంచాంగమువలె పైనుండి వ్రేలాడును. వానకాలమున కాగితము సాగినను వేసవిని ముడిచినను దానికి అడ్డుండదు. నాలుగువైపుల అంటించిన కాగితము సాగుటకు చోటులేకయే అలలువారును. గంజిని కొద్దిపాటి తడితో మరల విడదీయవచ్చును.

మన దేశపు రాజ్యాంగ మూలప్రతి యిందుకు గొప్ప నిదర్శనము. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా దస్తూరితోను, నందలాల్ బోసు ప్రభృతుల చిత్రములతోను వెలసిన ఆ ప్రతిని 1994లో ప్రాణవాయువు లేకుండ నత్రజని నింపిన గాజుపెట్టెలో పార్లమెంటు గ్రంథాలయమున భద్రపరచిరి. ఆ పెట్టెయు ఒక చట్రమే. దానికిని హూడిలోని పటమునకును లక్ష్యము ఒక్కటే: లోనిదానిని ముట్టక, దాని చుట్టునున్న గాలిని, వెలుగును, తేమను అదుపున నుంచుట.

దుకాణమున అడుగవలసినవి

పటము కట్టింపబోవు గృహస్థుడు ఈ ప్రశ్నల నడుగవలెను. మౌంటును వెనుక అట్టయు ఆమ్లము లేనివా? చిత్రమును దేనితో నిలుపుదురు? అద్దము చిత్రమునకు తగులునా? రేపు విప్పవలసివచ్చిన చిత్రము యథాతథముగ వచ్చునా? చిత్రపు అంచులను చట్రమునకు సరిపడునట్లు కత్తిరింతురా? ఈ కడపటి ప్రశ్న అడుగకపోవుటచేతనే పెక్కు చిత్రములు చిత్రకారుని సంతకమును, ఛాయాశాల ముద్రను కోల్పోయినవి. బద్దలపై పెట్టదలచిన సొమ్ములో కొంత తగ్గించి అట్టపై పెట్టినచో మొత్తపు వ్యయము అంతగ పెరుగదు.

చిత్రము అప్పటికే చెడియున్నచో దుకాణమునకు గాని, ఇంటి వైద్యమునకు గాని పూనుకొనరాదు. బెంగళూరున చిత్రకళా పరిషత్తులో ఇంటాక్ సంస్థవారి చిత్ర సంరక్షణ కేంద్రము కలదు. 1976లో లక్నోలో నెలకొన్న జాతీయ సంరక్షణ పరిశోధనశాలకు మైసూరున ప్రాంతీయశాఖ కలదు. వ్యాధి ముదురకముందే చూపుట మేలు.

వెనుక వ్రాత

కడపట ఒక సంగతి. పాతపటము విప్పినపుడు దుకాణదారుడు మొదట పారవేయునది వెనుక అట్టను. ఛాయాశాల పేరు, ఊరు, తేదీ, పెద్దలు తెలుగున వ్రాసిన రెండు పంక్తులు ఒక్కొక్కప్పుడు ఆ అట్టపైననే యుండును. కావున పటమును ఇచ్చుటకు ముందే దాని వెనుకభాగమును ఛాయాచిత్రము తీసికొనవలెను. అట్టను తిరిగి అడిగి తెచ్చుకొని వేరుగ దాచవలెను. వ్రాత లేనిచో, చిత్రములోనివారి పేర్లు చెప్పగల పెద్దలు జీవించియుండగనే అడిగి, ఆమ్లము లేని కాగితముపై సీసపు పెన్సిలుతో వ్రాసి క్రొత్త చట్రము వెనుక కవరులో నుంచవలెను. పెన్సిలు వ్రాత వెలయదు, తడికి కరగదు.

ఆ వ్రాత తెలుగుననే యుండుట మేలు. హూడిలో పెరుగు బిడ్డలు పాఠశాలలో వేరుభాషలు చదువుచున్నారు. ఒకనాడు వారు ఆ పటమును దింపి వెనుకకు త్రిప్పి, ఇది ఎవరిదని కూడబలుకుకొని చదువుకొనగలిగినచో, ఆ రెండు పంక్తులు వారికి ముత్తాత పేరును, ఊరి పేరును ఒక్కసారిగ అందించును. చట్రము కాపాడవలసిన వానిలో చిత్రముతోపాటు అదియు నొకటి.